ఇచ్చిన తల్లి, కొంగు చాచిన తల్లి: కడలి దాటిన సైనికుల కన్నవారు - 1915 నాటి రెండు రచనలు

భర్త దేశాంతరంలో ఉండగా ఎదురుచూసే స్త్రీకి మన అలంకారికులు ప్రోషితభర్తృక అని పేరుపెట్టి అష్టవిధ నాయికలలో చోటిచ్చారు. విప్రలంభ శృంగారంలో ప్రవాసాన్ని ఒక భేదంగా గుర్తించారు. కొడుకు దేశాంతరం వెళ్లినప్పుడు ఎదురుచూసే తల్లికిగాని తండ్రికిగాని లౌకిక కావ్యచర్చలో అటువంటి పేరేదీ స్థిరపడలేదు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వత్సలాన్ని రసంగా అంగీకరించాడు. అయినా వాత్సల్యంలోని వియోగానికి నాయికాభేదాలకు దక్కినంత సూక్ష్మ వివేచన దక్కలేదు. ఈ లోటు ఫలితం యుద్ధసాహిత్యాన్ని చదివేటప్పుడు తెలుస్తుంది. సైనికుడి తల్లి కనబడగానే విమర్శకుడి నోటికి వచ్చే మాట ‘వీరమాత’. ఆ సమాసంలో వీరుడే ముందున్నాడు. తల్లి అతనికి విశేష్యంగా వెనుక నిలిచింది. ఆమె ఎదురుచూపును, భయాన్ని, బిడ్డను పంపడంలో ఆమెకున్న లేదా లేని సమ్మతిని చెప్పడానికి ఆ మాట చాలదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లోనే, మన దేశానికి చెందిన ఇద్దరు రచయితలు సముద్రం దాటిన సైనికుల తల్లికి గొంతునిచ్చారు. ఒకరు హైదరాబాదులో ఉండి ఇంగ్లీషులో కవిత రాసిన సరోజినీ నాయుడు. మరొకరు హిందీలో కథ రాసిన చంద్రధర్ శర్మ గులేరీ. సరోజిని కవిత పేరు ‘ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా’, అంటే భారతదేశపు కానుక. గులేరీ కథ పేరు ‘ఉస్‌నే కహా థా’, అంటే ఆమె చెప్పింది. మొదటి రచనలో తల్లి ఇస్తుంది, రెండవదానిలో అడుగుతుంది. దాతగా నిలిచిన తల్లి కంటె యాచకురాలిగా నిలిచిన తల్లి సాహిత్యంలో ఎందుకు ఎక్కువ సజీవంగా ఉందన్నదే ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న విషయం.

ముందుగా దూరాన్ని గురించి. యుద్ధానికి వెళ్లే కొడుకు, ఆపజూసే తల్లి తెలుగువారికి కొత్త కాదు. పల్నాటి వీరచరిత్రలో ఐతాంబ బాలచంద్రుణ్ణి ఆపడానికి చేసే ప్రయత్నం మనకు పరిచితమే. తన మాట చెల్లక కోడలు మాంచాల దగ్గరకు పంపుతుంది, మాంచాల ఆపదు. అయితే కారెంపూడి పల్నాటి గడ్డమీదనే ఉంది. అక్కడ జరిగింది మనుషుల నోట ఇంటికి చేరుతుంది. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి ఏకంగా రణభూమినే చూస్తుంది. ఎవరి శరీరం ఏదో గుర్తుపడుతుంది, ఒక్కొక్కరినీ పేరుతో తలచుకుని ఏడుస్తుంది. ఆ దుఃఖం ఎంత దుర్భరమైనా దాని ఎదుట ఒక దేహం ఉంది.

1914 తరువాత ఈ స్థితి మారింది. పది లక్షలకు పైగా భారతీయులు ఫ్రాన్స్, ఈజిప్టు, మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా వంటి చోట్లకు ఓడలెక్కారు. వారి తల్లిదండ్రులకు ఆ రణభూముల పేర్లు పలకడం కూడా కష్టం. కొడుకు వారికి ఇక కాగితం రూపంలోనే అందుతాడు. ఫ్రాన్స్‌నుంచి వచ్చే ఉత్తరాన్ని సైనికాధికారులు ముందే చదువుతారు. చాలాసార్లు దాన్ని రాసింది కొడుకు కాదు, రాయడం వచ్చిన మరొకరు. ఊళ్లో చదివి వినిపించేదీ చదువు వచ్చిన మరొకరే. కన్నకొడుకు మాట తల్లి చెవిని చేరేలోగా ఇన్ని నోళ్లు, ఇన్ని కళ్లు దాటాలి. డేవిడ్ ఒమిస్సీ 1999లో సంకలనం చేసి ప్రకటించిన ఆ యుద్ధకాలపు భారతీయ సైనికుల లేఖలు మనకు ప్రధానంగా సెన్సారు అధికారులు అనువదించి పెట్టుకున్న భాగాలుగానే మిగిలాయి. తల్లిదండ్రుల ఇళ్లలో ఉండవలసిన మూలప్రతులు చాలామటుకు లేవు. పాఠపరిష్కరణ తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. అనుకోకుండా ఆ తల్లిదండ్రులు పాఠకులయ్యారు. వారికి దొరికింది శుద్ధప్రతి కాదు.

సరోజినీ నాయుడు కవిత 1915 డిసెంబరులో హైదరాబాదు మహిళల యుద్ధ సహాయ సంఘపు నివేదిక కోసం రాసినది. 1917లో వచ్చిన ‘ద బ్రోకెన్ వింగ్’ సంపుటిలో చేరింది. ఇందులో మాట్లాడేది భారతమాత. వస్త్రాలు, ధాన్యం, బంగారం ఇచ్చాను, ఇప్పుడు కడుపున పుట్టినవాళ్లను ఇచ్చాను, ఇంకేమి దాచుకున్నానని ఆమె సామ్రాజ్యాన్ని అడుగుతుంది. పర్షియా తీరంలో, ఈజిప్టు ఇసుకలో, ఫ్లాండర్స్, ఫ్రాన్స్ పచ్చికలలో పడివున్న కొడుకులను తలచుకుంటుంది. యుద్ధం ముగిసి శాంతి వచ్చిననాడు వాళ్ల నెత్తుటిని మరువవద్దని ముగిస్తుంది.

దీనిని రాజభక్తి కవితగా తోసిపుచ్చడం తొందరపాటు. కానుక అనే మాటలో బాకీ అనే అర్థాన్ని కవయిత్రి నేర్పుగా దాచింది. ఇచ్చినవాటి పట్టీ ముందు చదివి, చివర జ్ఞాపకాన్ని కోరడం చెల్లింపు అడగడమే. ఈజిప్టు ప్రస్తావన కూడా అలంకారం కోసం తెచ్చినది కాదు. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు అప్పటికే సూయజ్ కాలువ రక్షణకు వెళ్లి ఉన్నారు. తరువాత పాలస్తీనా యుద్ధంలో కూడా పాల్గొన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు లాన్సర్లవి. అంటే ఆ నివేదికను చదివినవారి నగరంలోనే ఈజిప్టునుంచి కబురు కోసం చూస్తున్న ఇళ్లు ఉన్నాయి.

ఆ ఇళ్లలోని తల్లి మాత్రం ఈ కవితలో లేదు. కారణం భావంలో కంటె ఉపమానంలో స్పష్టంగా దొరుకుతుంది. మరణించిన కొడుకులను కవయిత్రి ముత్యాలతో, గవ్వలతో, పూలతో పోల్చింది. మూడూ గుంపుగా ఉండే వస్తువులే. ఏరి పోగుచేసినవి, చెల్లాచెదురైనవి, వెదజల్లినవి. ఒక ముత్యానికీ ఇంకొక ముత్యానికీ తేడా తెలియదు. తెలియనవసరం లేదన్నదే ఆ ఉపమానపు అందం. కన్నతల్లి దృష్టి దీనికి సరిగ్గా వ్యతిరేకం. గాంధారికి నూరుగురు కొడుకులున్నా ఆమె విలాపంలో దుర్యోధనుడు వేరు, దుశ్శాసనుడు వేరు, వికర్ణుడు వేరు. సరోజిని కవితలో ‘కొడుకులు’ ఉన్నారు, ‘కొడుకు’ లేడు. దేశం తల్లి కావాలంటే బిడ్డలు బహువచనం కాక తప్పదు.

రసదృష్టితో చూస్తే ఇక్కడ జరిగినది ఇది. అలంకారికులు వీరాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయా భేదాలతో చెప్పారు. యుద్ధవీరం కొడుకుది. ఆ కొడుకును ఇచ్చిన తల్లికి కవయిత్రి దానవీరాన్ని ఆపాదించింది. దానవీరంలో దాతకు ఔన్నత్యం దక్కుతుంది, కాని దానవస్తువు మీద ఆమెకు ఇక హక్కు ఉండదు. ఇచ్చినదాన్ని గురించి దాత ఆరాతీయడం మర్యాద కాదు. కవితలో ప్రశ్నలు లేకపోలేదు. అది మొదలయ్యేదే ప్రశ్నతో. తన దుఃఖాన్ని, తన గర్వాన్ని కొలవగలరా అని ఆమె మరోచోట అడుగుతుంది. అయితే అవన్నీ కాకువులు. జవాబు వాటిలోనే ఉంది, ఎదుటివారినుంచి రానక్కరలేదు.

గులేరీ కథ అదే ఏడు ‘సరస్వతి’ పత్రికలో వెలువడింది. ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతపు కందకాలలో ఒక సిక్కు దళం. దానిలో సుబేదారు హజారాసింగ్, ఆయన కొడుకు బోధాసింగ్, జమాదారు లహనాసింగ్ ఉన్నారు. లహనాసింగ్ చిన్నప్పుడు అమృతసర్ బజారులో చూసిన ఎనిమిదేళ్ల పిల్లే ఇప్పుడు సుబేదారు భార్య. దళం యుద్ధానికి బయలుదేరే ముందు అతడు వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఆమె లోపలికి పిలిపించి మాట్లాడుతుంది. కథలో ఆమెకు సొంత పేరు లేదు; భర్త హోదాతో సుబేదారిణి అనే పిలుస్తారు. కొడుక్కి మాత్రం పేరుంది, జ్వరముంది, చలిలో వణుకు ఉంది.

ఆమె మాటల్లోని లౌకిక వివరాలను ప్రేమకథగా మాత్రమే చదివే వ్యాఖ్యాతలు దాటిపోతుంటారు. సర్కారు తన భర్తకు ‘బహాదుర్’ బిరుదునిచ్చింది, లాయల్‌పూర్‌లో భూమినిచ్చింది, తిన్న ఉప్పు రుణం తీర్చుకునే సమయం ఇప్పుడు వచ్చిందని ఆమె అంటుంది. లాయల్‌పూర్ పంజాబులో కాలువలు తవ్వి సాగులోకి తెచ్చిన ప్రాంతం. సైన్యంలో పనిచేసినవారికి ప్రభుత్వం అక్కడ భూములిచ్చేది. కాబట్టి ఈ ఇంట్లో కానుక దిశ తారుమారైంది. ముందు ఇచ్చింది సామ్రాజ్యం; ఇప్పుడు వసూలు చేసుకుంటున్నది కూడా అదే. సరోజిని కవితలో సామ్రాజ్యం భారతమాతకు బాకీపడి ఉంటే, సుబేదారిణి ఇంట్లో భర్త, కొడుకు సామ్రాజ్యపు బాకీలో జమ అవుతున్నారు. ఆడవాళ్లకు కూడా ఒక పటాలం ఎందుకు పెట్టలేదు, నేనూ వెంట పోయేదాన్ని కదా అని ఆమె అనే మాటలో హాస్యపు జాడ ఉంది. దాని వెనుక ఉన్నది వీరావేశం కాదు, దూరం భరించలేనితనం. వీరమాత అనే చట్రంలో ఆ మాట ఎక్కడా ఇమడదు.

తరువాత ఆమె లెక్క చెబుతుంది. ఉన్నది ఒక్క కొడుకు. సైన్యంలో చేరి ఒక్క ఏడే అయింది. వాడి తరువాత నలుగురు పుట్టారు, ఎవరూ దక్కలేదు. ఈ ఏకవచనం కోసమే మనం ఇంతసేపు ఎదురుచూశాము. చివరకు లహనాసింగ్ ముందు కొంగు చాచి ఆ ఇద్దరినీ కాపాడమని భిక్ష అడుగుతుంది. ‘ఆంచల్ పసార్‌నా’ అన్న హిందీ పలుకుబడికీ మన ‘కొంగు చాచి అడగడా’నికీ అర్థంలో అణువంత తేడా లేదు. గమనించవలసినది ఆమె ఎవరిని అడిగిందన్నది. సర్కారును అడగలేదు, దేవుణ్ణి అడగలేదు. కొడుకుతోపాటు అదే ఓడలో వెళ్లబోయే ఒక మనిషిని అడిగింది. సముద్రానికి ఆవల తన చేయి అందదు. అందే చేయి ఒకటి వెదుక్కుంది.

హజారాసింగ్ పాత్ర ఇక్కడ ఆలోచింపజేస్తుంది. తండ్రి కొడుకు పక్కనే ఉన్నాడు. కాని అతడు సుబేదారు కూడా. జ్వరంలో ఉన్న సిపాయికి తన దుప్పటి, తన జెర్సీ ఇచ్చి, అతని బదులు పహరా కాసేది లహనాసింగ్. తండ్రి చేయలేనిదాన్ని, లేదా హోదాలో ఉండి చేయకూడనిదాన్ని, పరాయివాడు చేశాడు. తండ్రి ప్రేమను సైనిక క్రమశిక్షణ ఎలా కుదించివేస్తుందో గులేరీ ఒక్క వ్యాఖ్య కూడా లేకుండా చూపాడు. ఈ విషయంలో అతని సంయమనం నన్ను ప్రతి పఠనంలోనూ నిలిపివేస్తుంది.

అడిగే తల్లిదండ్రులకు మన సాహిత్యంలో పూర్వరూపం లేదా అంటే, ఉంది. పోతన భాగవతం దశమస్కంధంలో ఉద్ధవుడు వ్రేపల్లెకు వచ్చినప్పుడు నందుడు కొడుకును గురించి అడుగుతాడు. యశోద వింటూ కన్నీరు పెట్టుకుంటుంది. కృష్ణుడు యుద్ధానికి ఓడెక్కిన సిపాయి కాడు, నిజమే. అయినా దూరంలో ఉన్న బిడ్డనుంచి వచ్చిన మూడవ మనిషి, అతన్ని చుట్టుముట్టే తల్లిదండ్రుల ప్రశ్నలు అనే సన్నివేశం అక్కడ పూర్తిగా రూపుదిద్దుకుంది. భ్రమరగీతాల మీద మన విమర్శ చూపిన శ్రద్ధలో కొంతైనా నందయశోదల ప్రశ్నలకు దక్కితే బాగుండేది. ప్రోషితభర్తృకకు పేరుండి వీరికి లేకపోవడం ఇక్కడ కూడా పనిచేసిందేమో.

ఈ రెండు రచనలకు బయట, నిజజీవితంలోని ఒక తల్లి మన దేశపు కవినే అడిగిన సందర్భం ఒకటి ఉంది. ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1918 నవంబరు 4న ఫ్రాన్స్‌లో మరణించాడు. ఆ వార్త తెచ్చిన తంతి నవంబరు 11న, యుద్ధవిరామపు గంటలు మోగుతున్న రోజున, అతని తల్లిదండ్రులకు అందింది. ఓవెన్ రాసిన లేఖల్లో అత్యధికభాగం తల్లి సుసాన్‌కే. 1920 ఆగస్టులో ఆమె రవీంద్రనాథ్ టాగోర్‌కు ఒక ఉత్తరం రాసింది. చివరిసారి బయలుదేరేముందు తామిద్దరూ ఫ్రాన్స్ వైపు సముద్రాన్ని చూస్తూ నిలబడినప్పుడు కొడుకు టాగోర్ మాటలు చెప్పాడని, అతని జేబు పుస్తకం ఇల్లు చేరాక అందులో అవే మాటలు, కింద కవి పేరు కనిపించాయని తెలిపింది. ఆ కవిత పూర్తిగా ఏ పుస్తకంలో దొరుకుతుందో చెప్పమని కోరింది. అవి ఇంగ్లీషు గీతాంజలిలోని మాటలు. చలం అనువాదంగా ఆ కావ్యం తెలుగు పాఠకులకు సుపరిచితం.

ఈ ఉత్తరాన్ని ప్రాక్పశ్చిమ సాహిత్య సంబంధాలకు ఉదాహరణగా పేర్కొనడం పరిపాటి. నాకు అందులో కనిపించేది ఒక పాఠకురాలు. గీతాంజలిలో ఆ గీతం యుద్ధాన్ని గురించినది కాదు, జీవితంనుంచి తృప్తితో సెలవు తీసుకోవడాన్ని గురించినది. ఓవెన్ నోట అది కందకానికి వెళ్లేవాడి వీడ్కోలు అయింది. తల్లికి అది కొడుకు ఆఖరి మాట. కవికి తెలియకుండా గీతం రెండుసార్లు అర్థం మార్చుకుంది. ఆమె కవినుంచి ఓదార్పు కోరలేదు, ఆకరం అడిగింది. కొడుకు తలపుల్లో చివరగా ఉన్న వాక్యానికి ముందూ వెనుకా ఏముందో తెలుసుకోవడం ఆమె అవసరం.

కిప్లింగ్ విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చూపు సరిగా లేక సైన్యం తిరస్కరించిన కొడుకుకు పలుకుబడితో ఉద్యోగం ఇప్పించిన తండ్రి ఆయన; 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధంలో పద్దెనిమిదేళ్ల జాన్ కనిపించకుండా పోయాడు. మరుసటి ఏడు ఆయన రాసిన ‘మై బాయ్ జాక్’ పైకి నావికుడి గురించినదే అయినా, కబురు అడిగే కన్నవారి ప్రశ్నలుగానే నడుస్తుంది. సామ్రాజ్యానికి అంత గట్టి వకాల్తా పుచ్చుకున్న కవి సైతం కన్నవారి గొంతు కావలసివచ్చినప్పుడు ప్రశ్నోత్తర రూపాన్నే ఎంచుకున్నాడు.

ఇక రాతి మీది రాత. బ్రిటన్ తన మృతులను స్వదేశానికి తీసుకురాలేదు. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ యుద్ధ సమాధుల సంఘం విదేశాల్లోనే సమాధులు కట్టి, శిలమీద ఒక వాక్యం చెక్కించుకోవడానికి కుటుంబాలకు అవకాశమిచ్చింది. పరిమితి ఖాళీలతో కలిపి 66 అక్షరాలు. ఓవెన్ సమాధిపై తల్లి అతని ‘ది ఎండ్’ కవితలోని మాటలనే ఎంచుకుంది. మూలంలో అవి సందేహం. చనిపోయినవారిని జీవం తిరిగి లేపుతుందా అని అడిగే ప్రశ్నలో భాగం. ఆమె రెండవ ప్రశ్నను మధ్యలో ఆపడంతో శిలమీద అది నమ్మకమైంది. కొడుకు అవిశ్వాసాన్ని తల్లి భక్తి దిద్దివేసిందని విమర్శకులు ఆక్షేపించారు. ఆక్షేపణలో నిజముంది. కాని చెక్కిన కవితాభాగాన్ని లెక్కించితే ఖాళీలతో సహా 65 వస్తుంది. మిగిలిన పదాలకు నియమం ప్రకారం చోటులేదు. తల్లి విశ్వాసమా, సంఘపు కొలతా, ఏది ఆ వాక్యాన్ని అక్కడ ఆపిందో తేల్చడానికి ఆ రాయి ఒక్కటే చాలదు. పాఠభేదానికి లేఖకుడి ఉద్దేశం వెదికేముందు తాటాకు కొలత చూడాలని మనకు తెలుసు. ఆ మర్యాద ఈ తల్లికీ చెందుతుంది.

భారతీయ తల్లిదండ్రులకు చాలాచోట్ల ఆ 66 అక్షరాలు కూడా రాలేదు. ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ సాధారణ సైనికులను పేర్లతో చెక్కలేదు. దళం పేరు కింద ఇంతమంది అని సంఖ్య వేశారు. 2021లో ఆ సంఘమే తన విచారణ నివేదికలో ఇటువంటి అసమానతను అంగీకరించింది. పర్షియా తీరపు ముత్యాలంటూ సరోజిని వాడిన బహువచనం ఆ రాతిమీద అంకెగా మారింది. కవయిత్రి కోరిన జ్ఞాపకం ఇది కాదు. అయినా కొడుకులను లెక్కపెట్టడానికి వీలైన సముదాయంగా చూపిన ఉపమానానికీ, లెక్కపెట్టి వదిలేసిన స్మారకానికీ నడుమ దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదని నా అభిప్రాయం.

తెలుగు విషయానికి వస్తే, మెసొపొటేమియాకు వెళ్లిన మద్రాసు శాపర్ల దళంలోనూ, తరువాతి యుద్ధంలోనూ మనవాళ్లున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలిటరీ మాధవరమని పిలవడం అందరూ ఎరిగినదే. తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’లో ‘సైనికుడి ఉత్తరం’ ఉంది. పేరు చెబుతున్నట్లు అందులో మాట్లాడేది సైనికుడు. ఆ ఉత్తరం అందుకున్నవారి బదులు కోసం మనం మౌఖిక సాహిత్యాన్ని, కుటుంబాల పెట్టెల్లోని కాగితాలను వెదకవలసి ఉంది. వెదికేటప్పుడు వీరమాత గాథలనే ఏరుకుంటే కబురు అడిగిన తల్లుల మాటలు సేకరణలోకే రావు. ఏది సాహిత్యమో, ఏది కాదో క్షేత్రంలోనే తేలిపోతుంది.

గులేరీ తన కథను సుబేదారిణి దగ్గరకు తిరిగి తీసుకువెళ్లలేదు. గాయపడిన లహనాసింగ్ తండ్రీకొడుకులను బండెక్కించి పంపేస్తూ, ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు ఆమె చెప్పింది నేను చేశానని రాయమంటాడు. ఏమి చెప్పిందని సుబేదారు అడిగినా అతడు బదులు చెప్పడు, బండి వెళ్లిపోతుంది. తరువాత మిగిలింది పత్రికలో పడిన మృతుల జాబితా: ఫ్రాన్స్, బెల్జియం, 68వ జాబితా, దళం పేరు, హోదా, లహనాసింగ్ అన్న పేరు. ఆ జాబితాను లాయల్‌పూర్ భూమి దక్కిన ఆ ఇంట్లో ఎవరు చదివి వినిపించారో, బోధాసింగ్ పేరు అందులో లేదని విన్న తల్లి లహనాసింగ్ పేరు దగ్గర ఏమి చేసిందో కథ చెప్పదు.